రెండు వైపులా చెక్కిన క్రావడి

శ్రోతలకు నమస్కారం.

మన తెలుగులో 'అచ్చు' అనే మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. అ, ఆ, ఇ, ఈలు అచ్చులు. బెల్లం పాకం పోసేది అచ్చులో. పనీపాటా లేకుండా ఊరిమీద పడి తిరిగేవాడు అచ్చోసిన ఆంబోతు. పిల్లవాడికి తండ్రి పోలిక వస్తే అచ్చు గుద్దినట్టున్నాడంటాం. ఈ మాటలన్నిటికీ వ్యుత్పత్తి ఒకటి కాదని నాకూ తెలుసు, పండితులు మన్నించాలి. చెవికి మాత్రం అన్నీ ఒకటే. ఇవాళ నేను చెప్పబోయేది కాగితం మీద పడే అచ్చు గురించి, అందులోనూ చెక్కతో వేసే అచ్చు గురించి.

పద్ధతి చాలా పాతది. చెక్క మీద బొమ్మో అక్షరమో గీస్తారు. అక్కర్లేనిదంతా ఉలితో తీసేస్తారు. ఉబ్బెత్తుగా మిగిలినదాని మీద ఇంకు పూసి కాగితం వేసి అద్దుతారు. అంతే. వెనకటికి కళ్లంలో ధాన్యం రాశి మీద బూడిదో తడిమట్టో వేసి చెక్క ముద్ర కొట్టేవారు. రాత్రిపూట ఎవరైనా కుంచెడు గింజలు తీశారో, ముద్ర చెదిరిపోయి తెల్లారేసరికి తెలిసిపోయేది. అదీ ఈ కుటుంబంలోదే. కృష్ణా జిల్లా పెడనలో ఇవాళ్టికీ టేకు అచ్చులతో గుడ్డ మీద కలంకారీ అద్దుతున్నారు. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. చెక్కేవారు వేరు, అద్దేవారు వేరు.

ఇక మన గోదావరి సంగతి. 1874లో కందుకూరి వీరేశలింగం గారు 'వివేకవర్ధని' మొదలుపెట్టినప్పుడు, తొలినాళ్లలో పత్రిక మద్రాసులో అచ్చయి రావాల్సి వచ్చేది. అప్పటికి రాజమండ్రికి రైలు కూడా లేదు. ఆ బాధ పడలేక కొద్దికాలానికే రాజమండ్రిలో సొంత ముద్రాలయం పెట్టుకున్నారు. ఆ తర్వాత డెల్టాలో ఊరూరా చిన్న ప్రెస్సులు వచ్చాయి. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, వ్రత కథలు, తీర్థాలకి పోస్టర్లు. చరిత్ర ఇంకా చాలా ఉంది గానీ, నాకిచ్చిన సమయంలో చరిత్ర చెప్పుకుంటూ కూర్చుంటే మా బాబాయి కథ మిగిలిపోతుంది. నేను వచ్చిందే ఆ కథ చెప్పటానికి.

మా బాబాయి అమలాపురంలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరు, అంటే అచ్చు అక్షరాలు పేర్చేవాడు. ఒక ట్రెడిలు మిషను, టైపు, అంటే అచ్చు అక్షరాలు, పెట్టుకునే కేసులు నాలుగు, ఒక నల్లబల్ల, అంతే ప్రెస్సు. ట్రెడిలు చూడనివాళ్ల కోసం ఒక్క మాట. కాలితో తొక్కుతుంటే పక్కన పెద్ద చక్రం తిరుగుతుంది. పైనున్న గుండ్రటి పళ్లెం మీద ఇంకు, దాన్ని రోలర్లు తెచ్చి అక్షరాలకి పూస్తాయి. మిషను నోరు తెరిచినప్పుడు కుడిచేత్తో కాగితం పెట్టాలి, మళ్లీ తెరిచినప్పుడు ఎడంచేత్తో తియ్యాలి. లయ తప్పితే వేళ్లు పోతాయి. ఆ చప్పుడు మా చిన్నప్పుడు వీధి చివరికి వినపడేది.

చిన్న అక్షరాలు సీసంవి. పోస్టరు మీద వేసే అరచేతి ఎత్తు అక్షరాలు మాత్రం చెక్కవి. అంత అక్షరం సీసంతో పోస్తే బరువు, ఖర్చు. అందుకని చెక్క. తెలుగుకి ఇక్కడే ఒక చిక్కుంది. ఇంగ్లీషువాడికి ఇరవై ఆరు అక్షరాలు ఉంటే పని జరిగిపోతుంది. మనకి గుణింతాలు, ఒత్తులు, తలకట్లు. చెక్క టైపు ఒక సెట్టు పూర్తిగా కొనగలిగిన ప్రెస్సు చిన్న ఊళ్లలో ఎక్కడా ఉండేది కాదు. ఉన్నవాటితో సర్దుకోవటం, లేనివి అరువు తెచ్చుకోవటం.

ఈ అరువు అనే మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. మా కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావారి కోసం చెబుతున్నాను. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. వెదురు చట్రం, రంగుల గుడ్డలు, అంత ఎత్తు ప్రభని కుర్రాళ్లు భుజాన వేసుకుని పంటచేల మధ్యనుంచి, కౌశిక కాలవలోంచి దాటించుకొస్తారు. ఆ ఏడు సంక్రాంతి ముందు ఎవరో భక్తులు పోస్టర్లకి ఆర్డరిచ్చారు. పైన 'శ్రీ', మధ్యలో 'ఏకాదశ రుద్రుల', కింద 'ప్రభల తీర్థం'.

బాబాయి చెక్క అక్షరాలు బల్లమీద పేర్చుకుంటూ ఆగిపోయాడు. శ్రీకి ఒక క్రావడి, అదే ర ఒత్తు. రుద్రకి ఒక క్రావడి. ప్రభకి ఒక క్రావడి. మూడు కావాలి. ప్రెస్సులో ఉన్నవి రెండే. ఉండాల్సిన మూడోది చెద తినేసింది.

బజారుకి అటువైపు ఇంకో ప్రెస్సుంది. ఆ యజమానికీ ఈ యజమానికీ పడదు. ఏదో ఎలక్షన్లో కరపత్రాల పని ఒకరిది ఒకరు లాక్కున్నారట, అప్పట్నుంచీ మాటల్లేవు. కానీ కంపోజిటర్లకి పడుతుంది. వెనక దొడ్డిగోడ మీంచి అక్షరాలు అటూ ఇటూ చేతులు మారుతుండేవి. యజమానులకి తెలియదని వీళ్లనుకునేవారు. తెలుసని, తెలియనట్టు ఉండేవారని నేననుకుంటాను. ఆ రోజు గోడ మీంచి అడిగితే, "లేదన్నా, మాది సినిమా పోస్టర్లో బిగించేశాం, రేపు సాయంత్రానికి గానీ విప్పం" అన్నాడు అవతలివాడు. రేపు సాయంత్రానికి ఇక్కడ పోస్టర్లు ఇచ్చెయ్యాలి.

అప్పుడు బాబాయికి వీధిలో ద్వారబంధాలు చెక్కే వడ్రంగి గుర్తొచ్చాడు. గడపల మీద లతలు, పద్మాలు దిద్దే చెయ్యి. పాత పోస్టర్లోంచి క్రావడి కత్తిరించి ఇచ్చి, "ఇలాగే ఉబ్బెత్తుగా ఉండాలి, ఎత్తు ఈ అక్షరంతో సమానంగా ఉండాలి" అని ఒక చెక్క అక్షరం కూడా చేతికిచ్చి పంపించాడు. టైపు ఎత్తు ప్రపంచంలో ఇంగ్లీషు కొలత వాడే ప్రెస్సులన్నిటిలో ఒకటే, అంగుళంలో 0.918 వంతు. వడ్రంగికి ఆ లెక్క తెలియదు. వేలితో తడిమి చూసుకున్నాడు.

తెల్లారేసరికి తెచ్చాడు. "ఆయ్, చెక్కేశానండి. గడపకి మిగిలిన టేకు ముక్క, వందేళ్లుంటుంది" అన్నాడు.

బిగించారు. ఇంకు పూశారు. మొదటి కాగితం తీశారు.

'ప్ర'లో క్రావడి ఎడమ నుంచి చుట్టుకు రావలసింది కుడి నుంచి చుట్టుకొచ్చింది!

చిన్నపిల్లలకి కూడా తప్పు కనిపిస్తోంది. ఏం జరిగిందంటే, వడ్రంగి పాపం కాగితం ముక్కని చెక్కమీద బొమ్మ పైకి కనిపించేట్టు అతికించి, చూసింది చూసినట్టు చెక్కాడు. చెక్కమీద సరిగ్గా ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది. అచ్చుపనిలో ఓనమాలు అది. గడపలు చెక్కేవాడికి ఆ ఓనమాలతో ఏం పని? ఆయన మాత్రం కాగితాన్నీ చెక్కనీ మార్చి మార్చి చూసి, "నా చెక్క రైటేనండి, మీ మిషనే తప్పు చదువుతోంది" అన్నాడు. బాబాయి ఈ మాట చెప్పినప్పుడల్లా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవాడు.

ఇంకో ముక్క తెచ్చి చెక్కటానికి టైం లేదు. వడ్రంగి అక్కడే అరుగుమీద కూర్చుని, అదే ముక్కని తిరగేసి, రెండో వైపున గంటలో ఇంకో క్రావడి చెక్కాడు. ఈసారి కాగితాన్ని బోర్లా అతికించి. కానీ కొత్త చిక్కు. ఇప్పుడా ముక్క అడుగున పాత క్రావడి ఉంది కదా, దానిమీద నిలబడాలి. చదునుగా ఉండదు, ఊగుతుంది. బాబాయి సిగరెట్టు పెట్టె అట్ట చింపి పల్లాల్లో కూరాడు. ఒక మూల అచ్చు పలచగా పడితే అక్కడ ఇంకో పొర కాగితం అంటించాడు. మేక్‌రెడీ అంటారు దాన్ని ప్రెస్సు భాషలో, సగం పని అదే. మధ్యాహ్నానికల్లా పోస్టర్లు ఆరాయి. గోడలెక్కాయి.

సాయంత్రం అవతలి ప్రెస్సు కుర్రాడు గోడ మీంచి తొంగిచూసి, "అన్నా, మా పోస్టరు విప్పేశాం, క్రావడి ఇమ్మంటారా?" అన్నాడట. బాబాయి వద్దన్నాడు. వారం తిరక్కుండా అదే గోడ మీంచి మా టేకు క్రావడి అటు అరువు వెళ్లింది.

నేనీ కథ ఇంత తీరిగ్గా ఎందుకు చెప్పానంటే, ప్రెస్సు అనగానే అందరూ మిషను అనుకుంటారు. నాకు మాత్రం ప్రెస్సంటే ఆ దొడ్డిగోడ. జపానువాళ్ల చెక్కబొమ్మలు మీరు చూసే ఉంటారు, హొకుసాయి వేసిన పెద్ద కెరటం, 1831 ప్రాంతంది. పేరు హొకుసాయిది. కానీ గీసింది ఒకరు, చెక్కింది ఒకరు, అద్దింది ఇంకొకరు, డబ్బు పెట్టి నడిపించింది నాలుగో మనిషి. చెక్కేవాళ్లు పలచటి కాగితం మీది బొమ్మని చెక్కమీద బోర్లా అతికించి, గీత కనిపించేదాకా పైపొర రుద్దేసి, అప్పుడు ఉలి పెట్టేవారు. మా వడ్రంగికి ఆలస్యంగా తెలిసిన సంగతే ఇది! ఆ కెరటాన్ని చెక్కిన మనిషి పేరు ఎంతమందికి తెలుసు? మా పోస్టరు మీద కూడా వడ్రంగి పేరు లేదు.

తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటరు వచ్చింది. సీసం అక్షరాలు కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకి వెళ్లాయి. చెక్క అక్షరాలు చాలా ఇళ్లలో వేణ్ణీళ్ల కాగు కిందికి వెళ్లాయి. ఇది ఎవరి తప్పూ అనను. వేళ్లు నలగని పని వచ్చినందుకు బాబాయి కూడా సంతోషించాడు.

అయితే ఇప్పుడు చిత్రంగా మళ్లీ కొందరు కుర్రాళ్లు, అమ్మాయిలు ఉలి పట్టుకుంటున్నారు. బతుకుతెరువు కోసం కాదు, ఇష్టం కొద్దీ. చెక్క దొరక్కపోతే లినోలియం, నేలమీద పరిచే మెత్తటి షీటు. నందలాల్ బోసు గారు 1930లో ఉప్పు సత్యాగ్రహం అప్పుడు చేసిన గాంధీగారి బొమ్మ, కర్ర పట్టుకుని నడుస్తున్నది, నల్లటి నేలమీద తెల్లటి గీతలు, అది లినో మీద చెక్కిందే. ఆయన దగ్గర శాంతినికేతనంలో చదువుకున్న మన చిత్తూరు జిల్లా మనిషి కృష్ణారెడ్డి గారు పారిస్ వెళ్లి, అతెలియే 17 అనే పనిశాలలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆయనది లోహపు రేకుల మీద పని, మన ఉబ్బెత్తు అచ్చు కాదు. కానీ ఆ పనిశాల పద్ధతి నాకు నచ్చుతుంది. ఎవరి మిషను వాళ్లు కొనుక్కోరు. ఒక చోట ఉన్నదాని చుట్టూ అందరూ చేరతారు. ఒకరు కనిపెట్టిన కిటుకు సాయంత్రానికి అందరిదీ.

మన ఊళ్లలో మిషను కూడా అక్కర్లేదు. ఇంకు పూసిన చెక్కమీద కాగితం పరిచి, స్టీలు గరిటె వీపుతో గుండ్రంగా రుద్దితే చాలు. ఓపిక కావాలి, అంతే. నాకు తెలిసిన కొందరు, రాజమండ్రి వైపు ఇద్దరు, భీమవరం వైపు ఒకరు, మిగతావారు కోనసీమ, మొత్తం పదకొండు మంది, ఒక ఏర్పాటు చేసుకున్నారు. పోస్టుకార్డు సైజు కాగితం. ఒక్కొక్కరు ఒక్క అచ్చు చెక్కి, పదకొండు కాపీలు తీసి, కింద ఎడమవైపు పెన్సిలుతో నంబరు, కుడివైపు సంతకం పెట్టి, ఒకరి ఇంటికి పంపుతారు. ఆ ఇంటాయన నూట ఇరవై ఒక్క కాగితాల్నీ పంచి, ఒక్కొక్కరికి పదకొండేసి చొప్పున తిరిగి పంపుతాడు. ప్రపంచంలో చాలా చోట్ల అచ్చుబొమ్మల వాళ్లు ఇలా మార్చుకుంటూనే ఉంటారు, కొత్తేమీ కాదు. పదకొండే ఎందుకని అడిగితే, "మా రుద్రులు పదకొండు మందే కదండీ" అన్నారు.

మీరూ ఒక చెయ్యి వేద్దామనుకుంటే, ఒకే ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మొదటిసారి అందరూ దొర్లేది ఇక్కడే. అక్షరాలు చెక్కేటప్పుడు తిరగేసి రాయటానికి ప్రయత్నించకండి. తెలుగు అక్షరం తిరగేసి రాస్తే మీరూ తప్పుతారు, నేనూ తప్పుతాను. పలచటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో మామూలుగా, సరిగ్గా రాయండి. రాసిన వైపు చెక్కకి తగిలేట్టు బోర్లించండి. కదలకుండా టేపు వేసి, గరిటె వీపుతో రుద్దండి. చెక్కమీద తిరగబడిన అక్షరం పడుతుంది. అదే చెక్కండి. అద్దినప్పుడు సరైన అక్షరం వస్తుంది. సరిగ్గా రాయండి, బోర్లించండి, రుద్దండి, చెక్కండి. ఉలి ముందుకి నడుస్తుంది కాబట్టి రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. మా వడ్రంగి వేళ్లన్నీ చివరిదాకా పదీ ఉన్నాయి.

బాబాయి పోయాక ఆయన పెట్టెలో ఆ టేకు ముక్క దొరికింది. ఒక వైపు తప్పు క్రావడి, ఒక వైపు రైటు క్రావడి. పల్లాల్లో సిగరెట్టు అట్ట ఇంకా అతుక్కునే ఉంది. పోయిన సంక్రాంతికి ఆ పదకొండు మందిలో ఒక అమ్మాయి తీర్థం మీద బొమ్మ చెక్కుతూ, "ప్రభలో క్రావడికి అది ఇస్తారా బాబాయిగారూ, మళ్లీ తెచ్చిచ్చేస్తాను" అంది. ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు. ఆమె దగ్గర్నుంచి భీమవరం వెళ్లిందని ఎవరో అన్నారు.

నమస్కారం.