టెంప్‌లో చెత్త ఎవరు ఊడ్చాలి?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం. పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, సర్వర్ల పనిలో తలపండిన ఒక అడ్మిన్, మారతహళ్లిలో పనిచేసే డెవాప్స్ ఇంజినీర్, ఒక బ్యాకెండ్ డెవలపర్.)

వ్యాఖ్యాత: ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్లు పడేసే టెంప్ ఫోల్డర్‌ను ఎవరు, ఎప్పుడు శుభ్రం చేయాలన్నదే ఇవాళ్టి మాట. డిస్క్ నిండిందని అర్ధరాత్రి ఫోన్ రాని అడ్మిన్ ఈ ఊళ్లో ఉండరేమో. సార్, మీతోనే మొదలుపెడదాం.

అడ్మిన్: నాకు అర్ధరాత్రి కాదండి, సంక్రాంతికి మడివాళలో బస్సెక్కాక వచ్చింది. డిస్క్‌లో ఎంత చోటుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే బోలెడు ఖాళీ. కొత్త ఫైలు రాయబోతే మాత్రం చోటు లేదంటోంది. కేఆర్ పురం ట్రాఫిక్‌లో కూర్చుని, డీఎఫ్‌కి మైనస్ ఐ తగిలిస్తే అసలు సంగతి బయటపడింది. ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఉండే వివరాల చీటీలు, అయిపోయాయి. టెంప్‌లో చిన్న చిన్న సెషన్ (లాగిన్ వివరాల) ఫైళ్లు, లక్షల్లో! అన్నీ తీసేయమని ఆర్‌ఎం స్టార్ కొడితే ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’ (పేర్ల జాబితా మరీ పొడవు) అని మొరాయించింది. చివరికి ఫైళ్లను వెతికిపెట్టే ఫైండ్ కమాండ్‌తో తీశాను. పండగ నుంచి రాగానే క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు నడిపేది) పెట్టేశా, ఏడు రోజులు దాటినవన్నీ డిలీట్ అని.

డెవాప్స్: ఫైలు చివరిసారి మారిన సమయం చూసే మైనస్ ఎమ్‌టైమ్‌కు ప్లస్ 7 అని రాస్తే ఎనిమిది రోజులు నిండాకే పోతాయి సార్. ఫైండ్ ఫైలు వయసును 24 గంటల లెక్కన భాగించి, మిగిలిన గంటల్ని వదిలేస్తుంది.

అడ్మిన్: ఒక రోజు అటూ ఇటూ అయితే ఏం మునిగిపోదు. డిలీట్ అన్నమాట ముందు రాస్తేనే కొంప మునిగేది. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. డిలీట్ ముందు తగిలిందా, వయసు అడగకుండానే మొత్తం తుడిచేస్తుంది. నేనైతే డిలీట్ ఉండాల్సిన చోట ముందు ప్రింట్ పెట్టి, లిస్టు కళ్లారా చూసుకున్నాకే మారుస్తా.

డెవలపర్: ఆ క్రాన్‌ల దెబ్బ తిన్నది మేమండీ. పాత ఆఫీసులో ఒక ఆర్కైవ్‌ను, అంటే చాలా ఫైళ్ల మూటను, టెంప్‌లో టార్ కమాండ్‌తో విప్పాను. లోపలి ఫైళ్లు వాటి పాత తేదీలతోనే బయటికొస్తాయి కదా. విప్పి పది నిమిషాలు కాలేదు, క్రాన్ వచ్చి ‘ముసలి ఫైళ్లు’ అని ఊడ్చేసింది. ఇంపోర్ట్ సగంలో ఆగింది, మేనేజర్ టెన్షన్ అంతా నా మీదికి.

డెవాప్స్: లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీతో వచ్చే టెంప్‌ఫైల్స్ అనే క్లీనర్ అయితే ఆ తప్పు చేసేది కాదు మేడమ్. అది మార్చిన సమయంతో పాటు, చివరిసారి చదివిన సమయం, ఐనోడ్ మారిన సమయం కూడా చూస్తుంది. మూడూ పాతబడితేనే ఫైలు తీస్తుంది. ఇప్పుడే విప్పిన ఫైలుకు ఐనోడ్ సమయం ఇప్పటిదే, బతికిపోతుంది. బూట్ అయిన 15 నిమిషాల తర్వాత మొదటిసారి, ఆపై రోజుకోసారి టైమర్ దానంతటదే నడుస్తుంది. దానితో వచ్చే గడువులు స్లాష్ టెంప్‌కు 10 రోజులు, వార్ టెంప్‌కు 30.

వ్యాఖ్యాత: రెండు టెంప్‌లు ఎందుకు?

డెవాప్స్: వార్ టెంప్‌లోవి రీబూట్ అయినా ఉండాలి. స్లాష్ టెంప్‌కు ఆ హామీ లేదు. డెబియన్ అనే లినక్స్‌లో 13వ వెర్షన్ నుంచి అది ర్యామ్‌లోకే మారింది. అక్కడ పెద్ద డంప్ పెడితే తినేది మెమరీని.

అడ్మిన్: సిస్టమ్‌డీని మరీ నెత్తిన పెట్టుకోకండి. 2024లో 256 వెర్షన్‌తో టెంప్‌ఫైల్స్‌లో పర్జ్ అనే ఆప్షన్ వచ్చింది, కాన్ఫిగ్‌లు సృష్టించినవన్నీ తుడిచేసేది. ఏ కాన్ఫిగ్ ఫైలో చెప్పకుండా నడిపినవాళ్లకు యూజర్ల సొంత ఫైళ్లుండే స్లాష్ హోమే ఎగిరిపోయింది! హోమ్‌ను సృష్టించే లైను కూడా ఆ కాన్ఫిగ్‌లలోనే ఉంది మరి. తర్వాత 256.1లో సరిచేశారనుకోండి.

డెవాప్స్: (నవ్వు) ఒప్పుకుంటాను. కానీ టైమర్ నడిపేది క్లీన్, పర్జ్ కాదు.

డెవలపర్: ఇంకోటి. ఒక్కోసారి ఫైళ్లు తీసేసినా డిస్క్ అలాగే నిండుగా చూపిస్తుంది.

అడ్మిన్: ఏదో ప్రాసెస్ ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకుందన్నమాట. పేరు పోయింది, ఫైలు పోలేదు. ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్ 1 కొడితే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది.

వ్యాఖ్యాత: మరి మేడమ్‌కి జరిగింది మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

డెవాప్స్: యాప్‌కు సొంత టెంప్ డైరెక్టరీ ఇవ్వాలి. ఈటీసీ కింద టెంప్‌ఫైల్స్ డాట్ డీ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను రాస్తే చాలు: రకం, దారి, పర్మిషన్లు, ఓనరు, గ్రూపు, చివర గడువు. ఇంపోర్ట్ నడుస్తున్నంతసేపు ఆ డైరెక్టరీకి ఎఫ్‌లాక్ (వాడుకలో ఉందని చెప్పే తాళం) వేసి ఉంచితే క్లీనర్ దాని జోలికి రాదు.

డెవలపర్: గడువు మూడు రోజులా, ముప్పయ్యా? ఎవరు చెప్పాలి?

అడ్మిన్: నువ్వేనమ్మా. ఆ ఫైలు ఎందుకు పుట్టిందో నాకేం తెలుసు? మీ డెవలపర్లు చెప్పకపోబట్టే నేను ఏడు రోజులని గుడ్డిగా రాశా.

వ్యాఖ్యాత: ఇంతకీ సార్, మీ పాత క్రాన్ తీసేశారా?

అడ్మిన్: లేదండీ, ఒక సర్వర్‌లో ఇంకా నడుస్తోంది.

డెవలపర్: ఏ సర్వర్‌లో సార్?