గోడ తెరిచే ఉంచాం: పాత కారవాన్‌లో సముద్రపు సెలవులు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈసారి అతిథి కోసం ఎక్కువ వెతకలేదు, మా అక్కనే మైకు ముందు కూర్చోబెట్టాను. అక్క, బావ, పిల్లలిద్దరూ కలిసి పాత కారవాన్‌ని కారుకు తగిలించుకుని సముద్రం ఒడ్డున సెలవులు గడిపి వచ్చారు. ముందే చెప్తున్నా, షూటింగుల్లో హీరోలు కూర్చునే క్యారవాన్ కాదండీ ఇది. కారు వెనక లాక్కెళ్ళే చక్రాల మీది చిన్న ఇల్లు, అక్కావాళ్ళే విప్పి బాగుచేసుకుంటున్నారు.

అక్క: వాళ్ళదాంట్లో ఏసీ ఉంటుంది. మాదాంట్లో గోడలే పూర్తిగా లేవు.

తమ్ముడు: అదే నా మొదటి ప్రశ్న. పని సగంలో ఉండగా ఎందుకు బయల్దేరారు? పూర్తయ్యాక వెళ్ళొచ్చుగా?

అక్క: పూర్తయ్యేదాకా ఆగితే పిల్లలు పెద్దవాళ్ళయి మాతో రామనేస్తార్రా. పాతబండి పని అలాంటిది. ఒక ప్లైవుడ్ ముక్క ఊడదీస్తే దాని వెనక ఇంకో మూడు పనులు బయటపడతాయి. అయినా సగమే అయిందా అన్నది కాదు, ఏ సగం అయిందన్నదే చూసుకోవాలి. చక్రాలు, బేరింగులు, బ్రేకులు, కారుకు తగిలించే హిచ్, వెనక లైట్లు, గ్యాసు లైను. ఇవి పూర్తి కాకుండా రోడ్డెక్కకూడదు. అల్మరాలు, రంగులు, కర్టెన్లు ఎప్పుడైనా చేసుకోవచ్చు. కొంతమంది తిరగేసి చేస్తారు. ఫొటోలో బాగుంటాయని ముందు కుషన్లు కుట్టిస్తారు.

తమ్ముడు: కానీ టైర్లు బాగానే ఉన్నాయి కదక్కా? గాట్లు అసలు అరగలేదు, నేను చూశాను.

అక్క: మోసం అక్కడే ఉంది. కారవాన్ ఏడాదిలో ఎక్కువ భాగం ఒకేచోట నిలబడి ఉంటుంది, ఇక గాట్లెలా అరుగుతాయి? రబ్బరు మాత్రం ఎండకి, బరువుకి పెళుసెక్కిపోతుంది. టైరు పక్కన డీఓటీ అని ఉన్న వరసలో చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటితే అనుమానించాలి, ఏడేళ్ళు దాటితే ఎంత బాగా కనిపించినా తీసేయాలి. మాదాని మీద మూడంకెలే ఉన్నాయి. అంటే 2000కి ముందు టైరు.

తమ్ముడు: అమ్మో! సరే, లాగడం ఎలా ఉంది? బావ ముఖంలో టెన్షన్ కనిపించిందని మేనకోడలు చెప్పింది.

అక్క: దానికి అన్నీ కావాలి. బావ ఒక్క విషయంలో మొండిగా ఉన్నారు, బరువు సర్దడంలో. హిచ్ మీద పడే బరువు మొత్తం కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. అంతకన్నా తక్కువైతే, అంటే వెనకవైపు బరువెక్కువైతే, వేగం పెరిగేకొద్దీ వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. చివరికి కారునే తిప్పేస్తుంది. అందుకే నీళ్ళ డబ్బాలు, పనిముట్లు అన్నీ ఇరుసు దగ్గర, కింద నేలమీదే పెట్టించారు. పిల్లలు వెనకమూల దాచిన గులకరాళ్ళ సంచి కూడా ఆయన తనిఖీలో దొరికింది.

తమ్ముడు: ఒకవేళ ఊగడం మొదలైతే?

అక్క: స్టీరింగ్‌తో దాన్ని సరిచేయబోకూడదు. గట్టిగా బ్రేకూ వేయకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగ్ నిలకడగా పట్టుకుంటే వేగం తగ్గి దానంతటదే సర్దుకుంటుంది.

తమ్ముడు: మధ్యలో ఒక మాట. ఇలా ఇంటిని కారు వెనక కట్టుకుని తిరిగే పిచ్చి ఎవరికి పుట్టింది?

అక్క: గుర్రాల కాలంలోనే మొదలైంది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు విహారం కోసమే ప్రత్యేకంగా ఒక బండి చేయించుకుని బ్రిటన్ అంతా తిరిగాడు. నాకిష్టమైన కథ మాత్రం జర్మనీది. ఆరిస్ట్ డెత్లెఫ్స్ అని, కొరడాలు, స్కీయింగ్ కర్రలు తయారుచేసే కుటుంబం వాడు. అమ్మకాల కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. ఆయన జీవిత భాగస్వామి ఫ్రిడెల్ చిత్రకారిణి. తను కూడా వెంట రావాలి, బొమ్మలు వేసుకునే చోటూ ఉండాలంది. దాంతో 1931లో ఆయన చక్రాల మీద ఇల్లు కట్టాడు, పేరు కూడా నివాస వాహనం అనే అర్థంలో పెట్టాడు. కాబట్టి ఈ పిచ్చి ఆడవాళ్ళ వల్ల వచ్చిందని బావ అంటే నేను కాదనలేను.

తమ్ముడు: (నవ్వు) సరే, సముద్రం దగ్గరికి వద్దాం. బండి ఎక్కడ నిలపాలో ఎలా తేల్చుకున్నారు?

అక్క: ముందు ఒడ్డున నాచు చారలాగా ఎక్కడ పేరుకుందో చూశాం. మొన్నటి పోటు అక్కడిదాకా వచ్చిందని అర్థం. అయితే దాన్నే నమ్ముకోకూడదు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఇంకా పైకి వస్తుంది. కాబట్టి ఆ గీతకి బాగా ఎగువన, క్యాంపింగ్‌కి వదిలిన గట్టి నేలమీదే నిలిపాం. ఇక ముందు భాగం గాలివైపు, తలుపు గాలికి చాటుగా. సముద్రం కనబడాలని తలుపు అటే పెడితే తెరిచిన ప్రతిసారీ ఇసుక లోపలికొస్తుంది, ఒక్కోసారి తలుపే ఊడొస్తుంది.

తమ్ముడు: పక్కన వేసే గుడారం ఇసుకలో నిలిచిందా? మేకులు పట్టవు కదా.

అక్క: మామూలు మేకులు పట్టవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, అడ్డంగా గొయ్యి తవ్వి పాతిపెట్టాలి. గాలికి అంత తేలిగ్గా కదలదు. తవ్వే పని పిల్లలకిచ్చాం, అడగకుండానే ఇంకో నాలుగు గోతులు తవ్వేశారు.

తమ్ముడు: ఇప్పుడు ఆ వాన రాత్రి సంగతి చెప్పు. నువ్వు ఫోన్లో ఏడుస్తావనుకున్నా, సంబరంగా మాట్లాడావు!

అక్క: సంబరం కాక మరేంటి! మా బండి పాత పద్ధతిలో కట్టింది. లోపల చెక్క ఫ్రేము, బయట అల్యూమినియం రేకు, లోపలివైపు పల్చటి ప్లైవుడ్. పుచ్చిన చెక్కలు మార్చాం కానీ ఒకవైపు ప్లైవుడ్ ఇంకా బిగించలేదు, ఫ్రేము కనిపిస్తూనే ఉంది. ఆ రాత్రి గాలివాన వచ్చింది. ఇంటి దగ్గర వాన పైనించి పడుతుంది, అక్కడ పక్కనించి కొడుతుంది. పైపుతో నీళ్ళు కొట్టి ఎన్నిసార్లు పరీక్షించినా కారని చోట కారింది.

తమ్ముడు: కిటికీ దగ్గరేనా?

అక్క: నీళ్ళు కనిపించింది కిటికీ కింద. అందరూ కిటికీ రబ్బరునే అనుమానిస్తారు. టార్చి వేసి చూస్తే పైన మూల, గోడా కప్పూ కలిసేచోట బిగించిన పట్టీ వెనకనించి చుక్క బయల్దేరి, ఫ్రేము వెంబడి అడ్డంగా పాకి, నిలువు చెక్క మీదుగా కిందికి దిగుతోంది. బావ, నేను పెన్సిల్‌తో దాని దారంతా గీసుకున్నాం. గోడ మూసేసి ఉంటే ఆ చుక్క ఎవరికీ కనబడేది కాదు. కొత్త ప్లైవుడ్ వెనక మళ్ళీ చెక్క కుళ్ళిపోయేది, గోడ మెత్తబడ్డాక గానీ తెలిసేది కాదు. అందుకే అంటున్నా, ఒక్క గాలివానైనా చూడకుండా లోపలి గోడ మూయకూడదు.

తమ్ముడు: సందులు పూడ్చే సిలికాన్ జిగురుంటుందిగా, దాని గన్నుతో పైనించి పూసేస్తే సరిపోదా?

అక్క: నీలాంటివాళ్ళు పూసిందే నెలరోజులు గీకానురా నేను! సిలికాన్ అవశేషం మీద ఇంకే సీలెంటూ సరిగ్గా అంటుకోదు. పట్టీ మొత్తం విప్పి, పాత జిగురు గీకి, కింద బ్యూటైల్ టేపు, అంటే మెత్తటి జిగురు రబ్బరు టేపు వేసి బిగించాలి. అది పూర్తిగా గట్టిపడదు, రేకు ఎండకి సాగినా చలికి ముడుచుకున్నా దాంతోపాటే కదులుతుంది. కారడానికి అసలు కారణం మరలు. పాతవి ఇనుపవి. అల్యూమినియానికీ ఇనుముకీ మధ్య ఉప్పునీరు చేరితే బ్యాటరీలాగా పనిచేస్తుంది. అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, మర తుప్పు పడుతుంది, కన్నం పెద్దదవుతుంది.

తమ్ముడు: నలుగురు అంత చిన్న గదిలో పడుకుంటే ఊపిరాడిందా?

అక్క: ఊపిరే సమస్య. మనం వదిలిన ఊపిరిలో తేమ తెల్లారేసరికి చల్లటి రేకు మీద, కిటికీ అద్దాల మీద నీళ్ళయి కూర్చుంటుంది. పరుపు అడుగు కూడా చెమ్మగిల్లింది. కాబట్టి పరుపుల కింద నిండు పలక వద్దనుకున్నాం, మధ్యలో సందులుండే చెక్క పట్టీలు వేస్తాం. కిటికీ కొంచెం తెరిచే పడుకోవాలి, చలేసినా సరే. ఇంకొకటి, వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలకి దిగుతుంది. అది బయటికి పోవడానికే నేలలో కన్నాలుంటాయి. చీమలొస్తాయనో గాలి కొడుతోందనో వాటిని మూసేయకూడదు. మావాడు సరిగ్గా వాటిమీదే చాప పరిచాడు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం కూడా తప్పనిసరి. ఆ వాయువుకి వాసనుండదు కాబట్టి ముక్కుని నమ్ముకోలేం.

తమ్ముడు: వచ్చాక ప్లానులో ఏమైనా మార్చారా?

అక్క: పైన వరసగా గీసిన అల్మరాలు సగం కొట్టేశాం, కూర్చున్న ప్రతిసారీ బావ తల వాటి దగ్గరే ఉంటుంది. బదులుగా తలుపు పక్కన, బయటినించే తెరుచుకునే పెట్టె ఒకటి. తడిబట్టలు, ఇసుక చెప్పులు, బకెట్లు లోపలికి రాకుండా అందులోకే పోతాయి. కాగితం మీద గీసేటప్పుడు ఇసుక గుర్తురాదు.

తమ్ముడు: ఉప్పు?

అక్క: వచ్చిన రోజే మంచినీళ్ళతో కడగాలి. పైన కాదు, అడుగున. ఇరుసు, చాసిస్ అనే అడుగు ఫ్రేము, హిచ్, బండి నిలిపినప్పుడు దించే కాళ్ళ మరలు. తర్వాత ఆరనిచ్చి గ్రీజు పెట్టాలి.

తమ్ముడు: అక్కా, వచ్చే నెల మాకోసారి ఇస్తావా?

అక్క: ఆ పట్టీ విప్పి మళ్ళీ బిగించాలి, వచ్చి పని చెయ్. సిలికాన్ గన్ను మాత్రం ఇంట్లోనే పెట్టి రా.