జొన్నపిండితో చాక్లెట్ కుకీలు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో చాయ్ కప్పు పక్కన ఉస్మానియా బిస్కెట్ లేకపోతే వెలితిగా ఉంటుంది. మా అక్క కొడుకుకు సీలియాక్ వ్యాధి ఉందని తేలిన రోజు, వాడు అడిగిన మొదటి మాట: "ఇక నేను బిస్కెట్లు తినకూడదా పిన్నీ?"

గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఈ జబ్బున్నవారి చిన్నపేగును దెబ్బతీస్తుంది. మైదా, బొంబాయి రవ్వ గోధుమ నుంచి వచ్చినవే. అనుమానం ఉంటే ముందు డాక్టరును కలవండి. రక్తపరీక్షకు ముందే గోధుమ మానేస్తే జబ్బు బయటపడకపోవచ్చు.

జొన్నరొట్టె చేసేవారికి తెలుసు, ఆ పిండి సాగదు. వేడినీళ్లతో కలిపి, ఓపికగా తట్టాలి. గ్లూటెన్ లేకపోవడమే కారణం. బ్రెడ్డుకు అది ఇబ్బందే. కానీ కుకీ గుల్లగా విరగాలి కదా, దానికి జొన్న చక్కగా సరిపోతుంది.

అసలు జాగ్రత్త పిండి దగ్గరే. పిండిమరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు. ఆ పొడి మన జొన్నల్లో కలుస్తుంది. అందుకే నేను జొన్నలు కడిగి, ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీలో పట్టి, విడిగా పెట్టుకున్న జల్లెడతో మెత్తగా జల్లిస్తాను. బయట కొంటే గ్లూటెన్ లేదని ముద్రించిన ప్యాకెట్టే తీసుకోండి. అలా ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది మన దేశ నిబంధన. కోకో, బేకింగ్ పౌడర్ ప్యాకెట్లూ చదవండి.

80 గ్రాముల వెన్న, 80 గ్రాముల చక్కెర పొడి నురగలా గిలకొట్టండి. 120 గ్రాముల జొన్నపిండి, 20 గ్రాముల కోకో, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలపండి. ముద్ద కావడానికి రెండు మూడు చెంచాల పాలు చాలు. తర్వాత అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది మాత్రం వదలొద్దు. జొన్నపిండి తడి పీల్చుకోవడానికి సమయం కావాలి, లేకపోతే కుకీ నోట్లో ఇసుకలా తగులుతుంది.

ఉండలు చేసి, కొద్దిగా అదిమి, 170 డిగ్రీల వేడిలో 12 నుంచి 14 నిమిషాలు కాల్చండి. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో స్టాండు పెట్టి, మూతవేసి, ముందే బాగా వేడిచేసి కాల్చుకోవచ్చు.

బయటకు తీయగానే మెత్తగా ఉంటాయి, ముట్టుకుంటే విరిగిపోతాయి. పది నిమిషాలు ట్రేలోనే ఆరనివ్వాలి. మా వాడు ఆ పది నిమిషాలూ వంటింటి గడపలోనే నిలబడతాడు.