డయాలసిస్ బరువు పెరిగిందా? తిట్టుకునే ముందు ఉప్పు లెక్క చూడండి

[తెర మీద: డయాలసిస్ సెంటర్‌లో బరువు మిషను. అంకె 58.4. పక్కన ఫైల్లో డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) 55.5.]

వాయిస్: రెండు డయాలసిస్‌ల మధ్య 2.9 కిలోలు పెరిగింది, అంటే దాదాపు మూడు లీటర్ల నీళ్ళు. ఆ అంకె చూడగానే వెంట వచ్చినవాళ్ళు అందుకుంటారు: "నీళ్ళు తాగమాక అని ఎన్నిసార్లు చెప్పాల నీకు?" వాళ్ళు ఆపాక పేషెంటు తన్ను తానే తిట్టుకోవడం మొదలుపెడతాడు: "నోరు కట్టుకోవడం కూడా చేతగాదు నాకు." ఈ వీడియో ఆ రెండో తిట్టు గురించి. లెక్క చెప్పకుండా ఊరికే "నిన్ను నువ్వు తిట్టుకోమాక" అంటే ఎవరికీ ఎక్కదు. అందుకే ముందు లెక్క.

[తెర మీద: సెలైన్ సీసా, దగ్గరగా. లేబుల్ మీద 0.9 శాతం.]

వాయిస్: అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. మన రక్తంలో ఉప్పదనం కూడా సుమారు అంతే ఉండాలి. ఒంట్లోకి 9 గ్రాముల ఉప్పు పోతే, దాన్ని సరిచేయడానికి ఒళ్ళు ఇంచుమించు లీటరు నీళ్ళు అడుగుతుంది. కిడ్నీలు బాగుంటే ఎక్కువైన ఉప్పు ఒంటేలుతో పోతుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఆ దారి దాదాపు మూసుకుపోయింది, కాబట్టి దాహం వదలదు. టీస్పూను ఉప్పంటే 5, 6 గ్రాములు. మధ్యాహ్నం ఆవకాయ, ఎండుచేపల వేపుడు, నిన్నటి చేపల పులుసు పడ్డాక రాత్రి చెంబెత్తకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. షుగరు ఎక్కువున్నా ఇంతే, దాహం ఆగదు.

కాబట్టి "ఎందుకు తాగాను?" అని కాదు, "నిన్న ఏం తిన్నాను?" అని అడగండి. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, బరువు, ముందురోజు తిన్న ఉప్పటి పదార్థం రాయండి. రెండు వారాల్లో మీ దొంగ ఎవరో దొరుకుతాడు. ఒక్క జాగ్రత్త: "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్మే ప్యాకెట్ జోలికి పోవద్దు. అందులో పొటాషియం ఉంటుంది, డయాలసిస్ వాళ్ళకు గుండె మీదికి వస్తుంది.

[తెర మీద: లీటరు సీసా, టీ గ్లాసు.]

వాయిస్: డాక్టరు రోజుకు లీటరు అన్నారనుకోండి. పొద్దున్నే ఒక సీసా నింపండి. టీ 100 మిల్లీలీటర్లు తాగితే సీసాలోంచి 100 చెట్లో పోయండి. మజ్జిగ, చారు, ఐసుముక్క అన్నీ లెక్కే. సీసాలో మిగిలిందే ఇక ఆ రోజుకు మీ నీళ్ళు. ఇంట్లోవాళ్ళు కాపలా కాయనక్కర్లేదు, గొడవ సగం తగ్గుతుంది.

ఇప్పుడు మనసు సంగతి. అమెరికాలో క్రిస్టిన్ నెఫ్ అనే సైకాలజిస్టు తన మీద తనకుండే కరుణను కొలవడానికి 2003లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. ఆమె చెప్పేవి మూడు: బాధను ఉన్నదున్నట్టు గుర్తించడం, ఇది నా ఒక్కడికే కాదని తెలుసుకోవడం, స్నేహితుడితో మాట్లాడినట్టు తనతో మాట్లాడుకోవడం. బరువు మిషను దిగాక అర నిమిషంలో అయ్యే పని ఇది.

[తెర మీద మూడు మాటలు, ఒకదాని తర్వాత ఒకటి]
"ఇయ్యాల కష్టంగా ఉంది."
"ఈ హాల్లో అందరికీ ఈ మిషనంటే భయమే."
"ఇప్పుడు నాకేం చేస్తే మేలు?"

వాయిస్: మూడోది ఊరికే అనుకుని వదిలేయకండి, టెక్నీషియన్ని అడగండి: "ఇయ్యాల ఎంత తీస్తున్నారు? పిక్కలు పట్టేస్తే చెప్తాను." నీళ్ళు మరీ వేగంగా తీస్తే బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి. "ఇది సాకులు చెప్పుకోవడం గదా?" అంటారు కొందరు. తిట్లే పనిచేసి ఉంటే బరువు ఎప్పుడో తగ్గేది. సిగ్గుపడ్డ మనిషి బరువు దాస్తాడు, లేదా ఆ పూట డయాలసిస్ ఎగ్గొడతాడు. అప్పుడే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి రాత్రిపూట ఆయాసం వస్తుంది.

నాలుగు గంటలు మిషను మీద ఉన్నాక ఆ సాయంత్రం నీరసం సహజం. కనిగిరి, పామూరు వైపునుంచి ఒంగోలుకో నెల్లూరుకో పోయొచ్చేవాళ్ళకు బస్సు అలసట అదనం. ఆ పూట అప్పుల మాట, పొలం కౌలు మాట ఎత్తొద్దని ఇంట్లో ముందే చెప్పిపెట్టండి. "నేనెందుకూ పనికిరాను" అని ఆ సాయంత్రం అనిపిస్తే, తీర్పు రేపటికి వాయిదా.

[తెర మీద: ఫోన్లో మాట్లాడుతున్న పెద్దాయన]

వాయిస్: "ఏదైనా కావాలంటే చెప్పు" అన్న బంధువు మీరు చెప్పకపోతే కొబ్బరిబోండాలు పట్టుకొస్తాడు. పొటాషియం మూట! కొలిచి అడగండి: "బావా, శనివారం పొద్దున ఆరింటికి నన్ను బస్టాండులో దించుతావా?" మనిషి, పని, రోజు మూడూ ఉంటే ఎవరికీ కాదనడానికి వీలుండదు. డబ్బు ఇచ్చేవాళ్ళూ, బండి ఎక్కించుకునేవాళ్ళూ, మాట వినేవాళ్ళూ ఒకరే కానక్కర్లేదు. వినేవాళ్ళతో మాట్లాడేటప్పుడు ముందే చెప్పండి: "సలహా వద్దక్కా, పది నిమిషాలు విను చాలు."

మీ షిఫ్టులో పక్క మంచాల వాళ్ళు అందరికన్నా పనికొస్తారు. ఫోన్ నంబర్లు తీసుకోండి. వాట్సాప్ గ్రూపు పెడితే ఒకటే నిబంధన: నాటుమందులు, పసర్లు ఎవరూ చెప్పకూడదు. ఎప్పుడైనా ఒక మంచం ఖాళీ అవుతుంది. ఎవరూ దాని గురించి మాట్లాడరు, అందరూ లోపల కుమిలిపోతారు. నర్సుని అడిగి తెలుసుకుని, పోయినవాళ్ళ పేరెత్తి మాట్లాడుకోండి.

రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకున్నా డాక్టరుకు చెప్పండి. రక్తం తక్కువైనా, డయాలసిస్ చాలకపోయినా ఇలాగే ఉంటుంది, కాబట్టి హిమోగ్లోబిన్ చూడమనండి. అవి బాగున్నా దిగులు పోకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. నిద్రమాత్రలు మాత్రం షాపులో అడిగి కొనొద్దు. కిడ్నీ వాళ్ళకు చాలా మందుల మోతాదు వేరేగా ఉంటుంది.

"ఇంక డయాలసిస్‌కి పోను" అని ఎవరన్నా అంటే బెదిరింపనుకోవద్దు. పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం అది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రింబవళ్ళు ఎత్తుతారు. డయాలసిస్ పేషెంటని, ఆఖరి డయాలసిస్ ఏ రోజు అయిందో మొదటే చెప్పండి. ఆయాసం కూడా ఉంటే ముందు 108.