ఒట్టి తునకలు: మన డాబా మీద బీఫ్ జెర్కీ

నమస్తే అన్నలూ, అక్కలూ. బీఫ్ జెర్కీ చేసి చూపించమని చాలామంది అడుగుతున్నారు. మా వరంగల్ వైపు దీన్నే ఒట్టి తునకలంటాం. జెర్కీ అన్న పేరు దక్షిణ అమెరికాలోని క్వెచువా భాషలో 'చార్కి' అనే మాట నుంచి వచ్చింది. అక్కడైనా ఇక్కడైనా పని ఒకటే, మాంసంలోని నీళ్లు తీసెయ్యడం.

ఇదిగో, కిలో పెద్దకూర. ఆవును కోయడం మన రాష్ట్రంలో నిషేధం కదా, ఇది దున్నమాంసం. తొడ కండ, బొక్క లేకుండా ఇయ్యమని అడగండి. తెల్లగా కనిపించే కొవ్వు, పొర అంతా తీసెయ్యాలి. పోయిన ఏడాది నేను బద్ధకించి కొంచెం కొవ్వు వదిలేశాను. నెల తిరక్కుండానే సీసా మూత తీస్తే పాత నూనె వాసన! కొవ్వు ఎండదండీ, చెడిపోతుంది.

కోసే ముందు గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే ముక్క గట్టిపడి కత్తికి జారదు. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. కండలో పోగులు నిలువుగా ఉన్నాయి కదా. వాటి వెంబడి కోస్తే సాగుతుంది, నమిలి నమిలి తినొచ్చు. అడ్డంగా కోస్తే మెత్తగా తెగుతుంది. మా నాన్నకు పళ్లు బాగాలేవు, అందుకే అడ్డంగా కోస్తున్నా. మందం అర సెంటీమీటరు చాలు.

రెండు చెంచాల ఉప్పు, చెంచా పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను.

ఇప్పుడు అసలు సంగతి. మన రోహిణి కార్తె ఎండ రోళ్లు పగలగొడుతుంది, నిజమే. కానీ 43, 44 డిగ్రీల ఎండకు ముక్క ఎండుతుందే తప్ప క్రిములు చావవు. ముక్క లోపల 71 డిగ్రీలు దాటాలి. అమ్మమ్మ నేరుగా దండెం మీద వేసేది, నేను మాత్రం గిన్నెలో నీళ్లు మరిగించి, ముక్కలు వేసి, మళ్లీ పొంగు వచ్చాక ఐదు నిమిషాలు ఉంచుతా. తర్వాత జల్లెడలో వడకట్టడమే.

ఇక డాబా మీదికి. తీగకు గుచ్చి, ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు వదలండి. పైన పాత దోమతెర కప్పండి. ఈగలకు మాత్రమే కాదు, కాకులకు కూడా! పొద్దు గూకగానే లోపలికి తెచ్చేయాలి, మంచు పడితే చేసిందంతా వృథా. రెండు మూడు రోజులు పడుతుంది. వానాకాలంలో అసలు మొదలుపెట్టకండి. ఓవెన్ ఉంటే 60 డిగ్రీల మీద ఐదారు గంటలు.

ఎండిందా లేదా అని ఇలా వంచి చూడండి. చిటుక్కుమని పగుళ్లు రావాలి, రెండుగా విరగకూడదు. కిలో కాస్తా మూడో వంతుకు దిగుతుంది. చల్లారాక గాజు సీసాలో పోసి ఒక పూట అలా వదిలేయండి. సీసా గోడకు చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండకు. లేకపోతే మూత బిగించి ఫ్రిజ్‌లోకి.

గోంగూరలో వేసి వండొచ్చు. నేనైతే నాలుగు తునకలు బొగ్గుల మీద కాల్చి, దంచి, ఉల్లిపాయతో అన్నంలో కలుపుకుంటా. పొయ్యి రాజేసుకున్నా, మరి ఉంటా.