చర్చి స్కూల్ అంటే మంచి స్కూలేనా? ఇంగ్లండ్‌లో పిల్లల్ని చేర్చే ముందు ఇది వినండి

నమస్కారం అండీ అందరికీ. ఈ వీడియో కాస్త చిరాకులో చేస్తున్నా, ముందే చెప్పేస్తున్నా. రిసెప్షన్, అంటే ఇక్కడి బడిలో మొట్టమొదటి క్లాసు, దాని అప్లికేషన్ల సీజన్ రాగానే ఇక్కడ మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు తిరుగుతాయి. ఒకాయన "చర్చి స్కూల్ అయితే కళ్లు మూసుకుని పెట్టెయ్ బ్రో, డిసిప్లిన్ సూపర్" అంటాడు. ఇంకొకావిడ "అమ్మో చర్చి స్కూలా, పిల్లల్ని మార్చేస్తారు" అంటుంది. ఇద్దరూ గేటు మీద బోర్డు చదివి చెప్తున్నవాళ్లే, గేటు దాటి లోపలికెళ్లినవాళ్లు కాదు.

అసలు గొడవెక్కడంటే, చర్చి స్కూల్ అనగానే మన బుర్రలోకి మన కాన్వెంటు వచ్చేస్తుంది, ఫీజు, స్కేలు దెబ్బలు, తెలుగు మాట్లాడితే ఫైను. ఇక్కడ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రైమరీ అంటే మామూలు సర్కారు బడి. ఫీజు లేదు, టీచర్ల జీతాలు గవర్నమెంటు డబ్బే. ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూళ్లలో దాదాపు నాలుగింట ఒకటి వీళ్లదే, పల్లెటూళ్లలో అయితే చాలా చోట్ల ఉన్న ఒక్క బడీ అదే. ఎందుకంటే 1811లోనే నేషనల్ సొసైటీ అని పెట్టుకుని చర్చి వాళ్లు పేద పిల్లలకి బడులు కట్టడం మొదలెట్టారు, గవర్నమెంటు గట్టిగా దిగింది 1870 చట్టంతో. అప్పటికే ఊళ్లలో చర్చి బడులున్నాయి, మూసెయ్యలేరు కదా, కలుపుకున్నారు.

దీన్ని నేను కౌలు పొలంలా అర్థం చేసుకుంటా. భూమి చర్చిది, పెట్టుబడి గవర్నమెంటుది, దున్నేది హెడ్‌టీచర్. కౌల్లో పెట్టుబడి రైతే పెట్టుకోవాలి కదా అని కామెంట్ పెట్టకండి, తెలుసు, మా తాత చేసింది కౌలే. ఇక్కడ పాయింట్ ఏంటంటే, పొలం ఎవరి పేరు మీదుందో చూసి పంట ఎలా పండిందో చెప్పగలరా? మనవాళ్లు చేస్తున్నది సరిగ్గా అదే.

ఈ కౌలులోనూ రెండు రకాలున్నాయి, 1944 చట్టంలో పెట్టారు. వాలంటరీ ఎయిడెడ్, వాలంటరీ కంట్రోల్డ్. ఎయిడెడ్‌లో ఓనర్ గట్టు మీదే నిలబడి ఉంటాడు, గవర్నర్లలో, అంటే స్కూల్ నడిపే కమిటీలో, ఎక్కువమంది చర్చి పెట్టినవాళ్లే, అడ్మిషన్ రూల్స్ స్కూలే రాసుకుంటుంది, బిల్డింగ్ పనుల ఖర్చులో మామూలుగా 10 శాతం వాళ్లు పెట్టుకోవాలి. కంట్రోల్డ్‌లో గట్టు రాయి మీద పేరుంటుంది, అడ్మిషన్లు కౌన్సిల్ చూసుకుంటుంది. ఇప్పుడు చాలా స్కూళ్లు అకాడమీలయ్యాయి, అంటే కౌన్సిల్ చేతిలోంచి బయటికొచ్చి నేరుగా గవర్నమెంటు డబ్బుతో నడుస్తున్నాయి, కాబట్టి లెక్క ఇంకా తికమక, అందుకే ఆ స్కూల్ అడ్మిషన్ పాలసీ తెరిచి చదవండి, గ్రూపులో అడగడం కన్నా అదే త్వరగా తేలుతుంది.

ఇంక పంట చూడ్డానికి ఇద్దరొస్తారు. ఆఫ్‌స్టెడ్ అంటే స్కూళ్లని తనిఖీ చేసే గవర్నమెంటు సంస్థ, అది వచ్చి వ్యవసాయాఫీసరులా పంట చూస్తుంది. సియామ్స్ అని చర్చి వాళ్ల తనిఖీ ఇంకొకటుంది, అది ఓనర్ పంపిన గుమాస్తా, చర్చి స్కూల్‌గా చెప్పుకున్న విలువల ప్రకారం నడుస్తోందా లేదా అని చూసి వెళ్తాడు. మనవాళ్లు గుమాస్తా రాసిన మంచి మాటలు చూసి మ్యాథ్స్ బాగా చెప్తారనుకుంటారు. కాదండీ, దానికి ఆఫ్‌స్టెడ్ రిపోర్టే చదవాలి. అది కూడా మారింది, 2024 సెప్టెంబర్ నుంచి "అవుట్‌స్టాండింగ్" అని ఒక్క మాటలో తేల్చేయడం ఆపేశారు, 2025 నవంబర్ నుంచి రిపోర్ట్ కార్డు, చదువుకి వేరే, ప్రవర్తనకి వేరే, అందర్నీ కలుపుకుపోవడానికి వేరే. నాకైతే ఇదే నచ్చింది. గేటుకి కట్టిన పాత అవుట్‌స్టాండింగ్ బ్యానర్ ఎప్పటిదో డేట్ చూడండి, కొన్ని స్కూళ్లలో అప్పటి పిల్లలు ఈపాటికి కాలేజీలో ఉంటారు.

"మరి చర్చి స్కూళ్ల శాట్స్ మార్కులు ఎక్కువ కదా" అంటారు, శాట్స్ అంటే ప్రైమరీ చివర్లో, ఇయర్ సిక్స్‌లో, దేశమంతా పెట్టే పరీక్షలు. కొన్నిచోట్ల ఎక్కువే. కానీ కాలవ కింద మాగాణిని, వానమీద బతికే మెట్టని పక్కపక్కన పెట్టి బస్తాలు లెక్కేస్తే ఎలా? ఆ స్కూల్‌కి వచ్చే పిల్లలెవరో చూడాలి. గవర్నమెంటు సైట్‌లో ప్రతి స్కూల్‌కీ ఫ్రీ మీల్స్ పిల్లల, అంటే ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లల, శాతం ఉంటుంది, అలాంటి శాతమే ఉన్న స్కూల్‌తో పోల్చండి. ఆ శాట్స్‌లో 100 స్కోరు వస్తే అనుకున్న స్థాయి అందుకున్నట్టు. మెట్టలో ఎక్కువమందిని 100 దాటించిన హెడ్‌టీచర్‌కి నేను దండం పెడతా.

కేర్ సంగతి. ఇది ఏ రిపోర్టులోనూ పూర్తిగా కనపడదు, సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల భద్రత రూల్స్ సరిగ్గా ఉన్నాయా లేదా అన్నంత వరకే. మా పెద్దోడు మొదట వెళ్లింది చర్చి స్కూలే, రాతి బిల్డింగ్, గోడ నిండా దయ, ప్రేమ, క్షమ అని పెద్ద పెద్ద అక్షరాలు. వాడు ఒక టర్మ్ అంతా ప్లేగ్రౌండ్‌లో ఒక్కడే గోడకానుకుని నిలబడ్డాడని మాకు తెలిసింది పేరెంట్స్ ఈవెనింగ్‌లో, అదీ నేను అడిగితే. తర్వాత మార్చింది ఇంకో చర్చి స్కూల్‌కే, డబ్బా లాంటి పోర్టబుల్ క్లాస్‌రూం. రెండో వారంలోనే లంచ్ టైంలో చూసుకునే ఆవిడ గేటు దగ్గర నన్నాపి "మీవాడు అన్నం తినట్లేదు, కూర్చోబెట్టి మాట్లాడనా" అని అడిగింది. ఓనర్ ఒక్కడే చూడండి, సాగు చేసేవాళ్లు వేరు.

అందుకే స్కూల్ చూడ్డానికెళ్తే, వీలైతే లంచ్ టైంలో వెళ్లండి. హెడ్‌టీచర్‌ని ఒక్కటే అడగండి, "నా బిడ్డకి బాధొస్తే ఎవరి దగ్గరికెళ్తాడు?" అని. ఫలానా ఆవిడ, ఫలానా గది అని చెప్తే మంచిది. "మా వాల్యూస్ ఏంటంటే" అని మొదలెడితే నేనైతే అనుమానిస్తా.

అయ్యో బ్యాటరీ ఎర్రగా అయిపోయింది, గబగబా చెప్పేస్తా. ప్రార్థన: చర్చి స్కూల్ కాని కౌన్సిల్ స్కూళ్లలో కూడా చట్టం ప్రకారం రోజూ కలెక్టివ్ వర్షిప్, అంటే అందరూ కలిసి చేసే ప్రార్థన, ఉండాలి, కాబట్టి అది చూసి పారిపోనక్కర్లేదు, ఇష్టం లేకపోతే రాసిస్తే దాన్నుంచీ, ఆర్‌ఈ అనే మతాల పాఠం క్లాసు నుంచీ మీ పిల్లల్ని తప్పించే హక్కుంది. మతం చూసి సీటిచ్చే స్కూలైనా సీట్లకన్నా అప్లికేషన్లు ఎక్కువొస్తేనే చూడాలి, సీట్లు మిగిలితే ఎవరికైనా ఇవ్వాల్సిందే. కొన్నిటికి కౌన్సిల్ ఫామ్ కాక విడిగా ఇంకో ఫామ్ ఉంటుంది, దాన్ని మర్చిపోయి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. లాస్ట్ డేట్ జనవరి 15, రిజల్ట్ ఏప్రిల్ 16. డేట్ దాటిపోయినా లేట్‌గా వెయ్యొచ్చు, కాకపోతే టైంకి వేసినవాళ్ల తర్వాతే చూస్తారు, అయినా వేసెయ్యండి, ఖాళీగా మాత్రం ఉంచ