టెస్ట్ రికార్డు విన్న రోజు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు "మీ కొత్త ఆల్బమ్ ఎలా తయారవుతోందో మా పిల్లలకి చెప్పండి" అన్నారు. తప్పకుండా చెప్తాను. కానీ ముందు నా మొదటి ఆల్బమ్ సంగతి, ఆ తర్వాత 1982లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అవి వింటే గానీ ఇప్పుడు నేను చేస్తున్న పని మీకు అర్థం కాదు.

మన దగ్గర ఆల్బమ్ అనగానే సినిమా పాటలే అనుకుంటారు. నేను పాడిన పాట వినిపిస్తే మొదటి ప్రశ్న "ఏ సినిమాలోది?" సినిమా కాదండీ అంటే "ఓ, ప్రైవేట్ సాంగా!" అంటారు. నాకు దాని మీద బాధేమీ లేదు. సినిమా పాటలు వింటూనే పెరిగాను. అయితే పనిలో పెద్ద తేడా ఉంది. సినిమా పాటకి సందర్భం ముందే ఉంటుంది. ఎవరి మీద తీస్తారో తెలుసు, ఎన్ని నిమిషాలు కావాలో డైరెక్టర్ చెప్తారు, ఓకే అనేది కూడా ఆయనే. మాకు ఇవేవీ ఉండవు. ఏం పాడాలో మేమే అనుకోవాలి. ఎప్పుడు ఆపాలో కూడా మేమే అనుకోవాలి. "ఇక చాలు, పాట అయిపోయింది" అనే మాట ఉంది చూశారూ, పల్లవి రాయడం కంటే, పై స్థాయి అందుకోవడం కంటే నాకు అదే కష్టం.

నా మొదటి ఆల్బమ్‌లో 6 పాటలు. రిలీజ్ తేదీ ముందే అనుకున్నాం, హాల్ బుక్ చేశాం, పోస్టర్లు అచ్చయ్యాయి. తేదీకి నాలుగు రోజుల ముందు ఫైనల్ మిక్స్, అంటే గొంతూ వాయిద్యాలూ పాళ్ళు చూసి కలిపిన ఆఖరి రూపం, నా ఫోన్‌కి వచ్చింది. ఆటోలో ఇంటికి వెళ్తూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. రెండో పాట చరణంలో నా గొంతు కీబోర్డు కింద పడిపోయింది. మాట వినపడుతోంది గానీ అందులో అచ్చు ఊనో ఓనో తెలియడం లేదు. నాకు తెలిసింది. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. "అక్కా, బాగానే ఉంది కదా, వదిలేద్దాం" అని అందరూ అంటున్నారు. ఇప్పుడు ఆపితే ఎంతమందికి ఇబ్బందో అని టెన్షన్. వదిలేశాం.

ఫంక్షన్ అయిపోయిన మర్నాడు మా అమ్మ వంటింట్లో కూర్చుని ఆ పాట రెండుసార్లు విని అడిగింది: "ఇక్కడ గూడు అంటున్నావా, గోడు అంటున్నావా?"

గూడు అన్నాను. పక్షి తన గూడు వెతుక్కోవడమే ఆ పాట మొత్తం. మా అమ్మకి గోడు అని వినిపిస్తే పాటే లేదిక. ఆ రోజు నుంచి ఆ పాట స్టేజ్ మీద పాడతాను గానీ, రికార్డు మాత్రం ఇంతవరకు మళ్ళీ పెట్టుకోలేదు.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్ వెళ్దాం. 1982 ఏప్రిల్. వెస్ట్‌లేక్ స్టూడియో. మైకేల్ జాక్సన్‌కి అప్పటికి 23 ఏళ్ళు. "థ్రిల్లర్" ఆల్బమ్ పని మొదలైంది. ఈ ఆల్బమ్ గురించి మీకు తెలియనిదేముంది అనుకోకండి. దాని వీడియో మనదాకా వచ్చి, 1985లో చిరంజీవి గారి "దొంగ" సినిమాలో "గోలీమార్" పాటయింది. చిన్నప్పుడు మా వీధిలో అందరం ఆ స్టెప్పులే వేసేవాళ్ళం. స్టెప్పులు అందరికీ తెలుసు. ఆ రికార్డు దాదాపు చేతులారా పాడై, ఆఖరి నిమిషంలో బతికిందని చాలామందికి తెలియదు.

అంతకుముందు ఆల్బమ్ 1979లో వచ్చింది, "ఆఫ్ ద వాల్". బాగా అమ్ముడుపోయింది. అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో మాత్రం ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. ఆ కార్యక్రమం ఇంట్లో టీవీలో చూస్తూ ఏడ్చానని మైకేల్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. వచ్చే రికార్డుని ఎవరూ పక్కన పెట్టలేని విధంగా చేయాలని ఆ రోజే అనుకున్నాడట. ప్రతి పాటా విడిగా హిట్ కావాల్సిందే. పాటల మధ్య ఖాళీ నింపడానికి పెట్టే పాట ఒక్కటి కూడా ఉండకూడదు.

నిర్మాత క్విన్సీ జోన్స్. జాజ్ బ్యాండ్లలో ట్రంపెట్ వాయించి, ఎందరికో అరేంజ్‌మెంట్లు రాసి వచ్చిన మనిషి. సౌండ్ ఇంజినీర్ బ్రూస్ స్వీడియన్. పాటల రచయిత రాడ్ టెంపర్టన్, ఇంగ్లండ్ వాడు. వందల పాటలు వడపోసి చివరికి 9 ఉంచారు. వాటిలో 4 మైకేల్ రాసుకున్నవే. అతను స్వరాలు కాగితం మీద రాసేవాడు కాదు. బేస్ ఎలా నడవాలి, డ్రమ్స్ ఎలా పడాలి, తీగ వాద్యాలు ఎక్కడ రావాలి, అన్నీ నోటితోనే పాడి టేప్ రికార్డర్‌లో పెట్టుకుని స్టూడియోకి తెచ్చేవాడు. మన పల్లెల్లో డప్పు నేర్పే పెద్దాయన ముందు దరువు నోటితో చెప్పి, ఆ తర్వాతే చేతికి పని ఇస్తాడు. అదే పద్ధతి.

"బిల్లీ జీన్" పాట ఒక్కటి దగ్గర పెట్టుకుని చూద్దాం. ఆ పాట మొదట్లో డ్రమ్స్ రెండు మూడు సెకన్లు వినగానే ఇది ఫలానా పాట అని తెలిసిపోతుంది కదా. అది ఊరికే రాలేదు. డ్రమ్స్ పెట్టడానికి స్వీడియన్ ప్రత్యేకంగా చెక్క వేదిక చేయించాడు. కిక్ డ్రమ్‌కి జిప్ ఉన్న తొడుగు కుట్టించాడు. స్నేర్ డ్రమ్ శబ్దం హైహ్యాట్ అనే తాళాల మైకులోకి పోకుండా మధ్యలో చెక్క అడ్డం పెట్టాడు. ఒక్కో దెబ్బ దేనికది విడిగా వినపడాలని ఈ తాపత్రయమంతా. ఆ డ్రమ్స్ వాయించింది లియాన్ చాన్స్‌లర్, బేస్ లూయిస్ జాన్సన్. ప్రధాన గాత్రం మైకేల్ ఒకే టేక్‌లో పాడాడు. ఆ తర్వాత కొన్ని చిన్న మాటలకి ఆరడుగుల అట్ట గొట్టం ఒకటి తెచ్చి, ఈ చివర నుంచి అతను పాడితే ఆ చివర మైకు పెట్టి రికార్డు చేశారు. కోట్ల ఖరీదు చేసే స్టూడియోలో అట్ట గొట్టం! ఆ పాటలో వెనక నుంచి వచ్చే గొంతులు ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. దూరంగా, ఇరుకు సందులోంచి ఎవరో మాట్లాడినట్టు ఉంటుంది.

మొదట్లో మాట రాకుండా వట్టి బీట్ అంతసేపు ఎందుకు అని క్విన్సీ గొడవపడ్డాడు. తగ్గించమన్నాడు. అది వింటుంటేనే నాకు డ్యాన్స్ చేయాలనిపిస్తుంది అన్నాడు మైకేల్. క్విన్సీ ఊరుకున్నాడు. చెయ్యాల్సిన మనిషి నాకు చెయ్యాలనిపిస్తోంది అంటే ఇక వాదించేదేముంది?

అన్నిటికన్నా నాకు నచ్చినది మిక్సింగ్ కథ. స్వీడియన్ ఆ పాటని 91 సార్లు మిక్స్ చేశాడు. ఒకసారి బేస్ పెంచి, ఒకసారి గొంతు ముందుకి తెచ్చి, ఒక్కోసారి ఒక్కో చిన్న మార్పు. 91 అయ్యాక క్విన్సీ ఒకసారి రెండోది పెట్టు అన్నాడు. పెట్టారు. అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు మీరు వినేది ఆ రెండో మిక్సే.

ఇది వినగానే "అయితే ఆ తర్వాత చేసిన 89 వృథాయే కదా" అంటారు. నేనలా అనుకోను. రెండోది బాగుందని ఆ రోజే అనేసి ఉంటే అది నమ్మకం మాత్రమే. మిగతావన్నీ చేసి తిరిగొచ్చాక అది తెలిసిన విషయం అయింది.

చేతిలో సమయం లేదు. అదే రోజుల్లో స్పీల్‌బర్గ్ సినిమా "ఈటీ" కథని పిల్లల రికార్డుగా చేసే పని కూడా ఇదే బృందం నెత్తిన పెట్టుకుంది. రికార్డు కంపెనీ తేదీ ఇచ్చేసింది. పాల్ మెకార్ట్నీతో కలిసి పాడిన పాట అక్టోబర్‌లోనే బయటికి వచ్చేసింది. చివరి రోజుల్లో మూడు గదుల్లో మూడు పనులు ఒకేసారి. ఒక దాంట్లో "బీట్ ఇట్" కోసం ఎడ్డీ వాన్ హేలెన్ గిటార్ సోలో వాయిస్తున్నాడు, పైసా తీసుకోకుండా. ఇంకో చోట మైకేల్ పాడుతున్నాడు, వేరే గదిలో స్వీడియన్ మిక్స్ చేస్తున్నాడు. నిద్రలు లేవు. అలా పూర్తి చేసి మాస్టరింగ్‌కి, అంటే రికార్డు అచ్చు వేసే ముందు చేసే ఆఖరి పనికి, పంపితే టెస్ట్ రికార్డు వచ్చింది, విని చూసుకోవడానికి ముందుగా తీసే నమూనా.

అందరూ కూర్చుని విన్నారు.

బాగా లేదు. నెలల తరబడి పెద్ద స్పీకర్లలో విన్న బలం ఆ నల్ల పళ్ళెంలో లేదు. మైకేల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గదిలోంచి లేచి వెళ్ళిపోయాడు.

కారణమేమిటో చెప్తాను, ఎందుకంటే ఇది మీ అందరికీ పనికొస్తుంది. ఎల్పీ రికార్డు మీద పాట అంటే ఒక గాడి. బేస్ ఎక్కువ ఉన్నచోట ఆ గాడి పక్కలకి బాగా ఊగుతుంది, దానికి చోటు కావాలి. ఒక పక్కన ఇరవై నిమిషాలకి కాస్త అటూ ఇటూగా పాటలు పెడితే గాడులు హాయిగా ఉంటాయి. వీళ్ళు అంతకు మించి నింపారు. పెళ్ళి పందిట్లో వందమంది పట్టే చోట నూట యాభై విస్తళ్ళు వేస్తే ఏమవుతుంది? ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంది, ఎవరూ తృప్తిగా తినలేరు. అలాగే గాడులు దగ్గర దగ్గరగా వేయాలంటే శబ్దం తగ్గించాలి, బేస్ కొయ్యాలి. పాటలు మంచివే, పాడటం మంచిదే, ఇరుకులో పడి నీరసించాయి.

ఏం చెయ్యాలి? తేదీ దగ్గరికి వచ్చేసింది. బాగానే ఉంది కదా అని వదిలేసేవాళ్ళు ఆ గదిలో లేరు. కొన్ని రోజులు పని ఆపేసి చెవులకి విశ్రాంతి ఇచ్చారు. ఆ తర్వాత ఒక్కో పాట తీసి మళ్ళీ మిక్స్ చేశారు. పాటల నిడివి కోశారు. "ద లేడీ ఇన్ మై లైఫ్"లో ఒక చరణమే తీసేశారు. ఎంతో ఇష్టంగా రాసి, పాడి, రికార్డు చేసిన చరణం. కొయ్యడం ఎంత బాధో పాట రాసినవాళ్ళకి తెలుసు. చివరికి రెండు పక్కలూ కలిపి 42 నిమిషాల చిల్లర మిగిలింది. 1982 నవంబర్ చివర రికార్డు బయటికి వచ్చింది.

తర్వాతది లోకానికి తెలుసు. అమెరికా ఆల్బమ్ పట్టికలో 37 వారాలు మొదటి స్థానం. 1984 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మైకేల్ చేతికి 8 గ్రామీలు. వాటిలో ఒకటి ఆ ఈటీ పిల్లల రికార్డుకే వచ్చింది. అప్పట్లో నల్లవాళ్ళ పాటలు దాదాపు వెయ్యని పాటల వీడియోల ఛానెల్ ఎంటీవీలో 1983లో "బిల్లీ జీన్" వీడియో వచ్చి తలుపు తెరిచింది. కానీ నా మనసు మాత్రం ఆ గదిలోనే ఆగిపోతుంది. కళ్ళనీళ్ళతో లేచి వెళ్ళిపోయిన ఆ కుర్రాడి దగ్గర. నేను ఆటోలో కూర్చుని ఏం విన్నానో అతనూ అదే విన్నాడు. అతను లేచాడు. నేను ఆటో దిగి ఇంటికెళ్ళి పడుకున్నాను.

ఇక నా కొత్త ఆల్బమ్. ఈసారి 5 పాటలే. 8 రాశాను, 3 పక్కన పెట్టాను. గాత్రం అంతా మా బెడ్‌రూమ్‌లోనే రికార్డు చేశాను. బీరువా తలుపులు తెరిచి, గోడలకి రజాయిలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి. మే నెలలో ఫ్యాన్ ఆపి పాడటం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రాత్రి రెండు దాటాక పాడేదాన్ని, బయట బండ్ల హారన్లు ఆగాక. రెండో పాటలో, ఒకచోట ఊపిరి తీసుకునే శబ్దం దగ్గర, దూరంగా కుక్క మొరిగింది. తీసేద్దామా అన్నాడు మా ఇంజినీర్ తమ్ముడు. వద్దన్నాను. ఆ పాట రాత్రి గురించే.

ఇప్పుడు గాడుల ఇరుకు లేదు, ఫోన్‌లో ఎంత నిడివైనా పెట్టొచ్చు. ఇరుకు వేరే చోటికి మారింది. చిన్న ఫోన్ స్పీకర్‌లో కింది బేస్ అసలు వినపడదు. స్టూడియోలో కడుపులో కొట్టే బీట్ ఇంట్లో ఫోన్ పెడితే మాయమవుతుంది. దాని మీద ఆధారపడి పాట కడితే సగం మందికి పాట అందదు. అందుకని ప్రతి మిక్స్‌నీ మూడు చోట్ల వింటున్నాను. స్టూడియో స్పీకర్లలో, ఆటోలో ఇయర్‌ఫోన్స్‌తో, మూడోది మా అమ్మ వంటింట్లో. గట్టు మీద ఫోన్ పెట్టి, అమ్మ పోపు వేస్తుండగా పాట పెడతాను. అమ్మకి ముందు సాహిత్యం చూపించను. పాట అయ్యాక ఏం విన్నావో చెప్పమంటాను.

మొదటి రెండు పాటలూ ప్రతి మాటా చెప్పింది. మూడో పాటలో "నీడలా వస్తావు" అని పాడాను. అమ్మ "నీళ్ళలా" అంది.

ఆల్బమ్ ఈ నెల రావాలి. వాయిదా వేశాను. చాలామందికి కోపం వచ్చింది, వాళ్ళ కోపం న్యాయమే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను. రేపు పొద్దున పదింటికి ఆ చరణం మళ్ళీ పాడతాను. "డ" దగ్గర గిటార్‌ని ఆపేద్దాం అనుకుంటున్నాం, చూడాలి.

ఈలోపు ఆ పాట, తప్పుతో సహా, మీకు వినిపిస్తాను. పెద్ద స్పీకర్లు వద్దు, నా ఫోన్‌లోంచే. దయచేసి ఫ్యాన్లు ఆపొద్దు, అలాగే ఉంచండి. విన్నాక మీకు ఏ మాట వినపడిందో కాగితం మీద రాసి ఇవ్వండి.